గుడివాడ పెద్దమనిషి హెల్మెట్

బందరు నుంచి మేం ఇరవై మందిమి తైవాన్ యాత్రకి వెళ్ళినప్పుడు గుడివాడ పెద్దమనిషి ఒకాయన భార్యతో వచ్చాడు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, నచ్చని మనిషి గురించి తియ్యగా రాయడం నాకింకా రాలేదు.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "దానికేం కాదండీ." భార్యకి మోకాళ్ళ నొప్పులన్నా అదే, పొద్దుట్నించీ ఆవిడేం తినలేదన్నా అదే.

అక్కడొక గుడి తిరునాళ్ళలో బాణసంచా జనం మీదికే వదులుతారు. నిప్పురవ్వ తగిలితే పీడ పోతుందని వాళ్ళ నమ్మకం. అందుకే అందరూ హెల్మెట్లు పెట్టుకుంటారు. మాకు ఒకటి తక్కువైంది. హెల్మెట్ లేనివాళ్ళు దూరంగా కొట్టు అరుగు మీదే ఉండాలన్నాడు గైడు. పెద్దమనిషి తను హెల్మెట్ పెట్టేసుకుని, ఫోను భార్య చేతికిచ్చి, "రా, వీడియో తియ్యి" అన్నాడు.

"ఆవిడ నెత్తి మీద ఏం లేదు కదయ్యా!" అన్నాను.

"దానికేం కాదండీ పిన్నిగారూ."

నేను నా హెల్మెట్ తీసేలోపే ఆవిడ కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. తారాజువ్వలు రయ్యిమని వచ్చాయి. ఒక రవ్వ ఆయన కాలర్లో దూరింది. ఆవిడ ఫోను వదిలేసి, రెండు చేతులతో కొట్టి ఆర్పింది.

"ఫోను పగలగొట్టావా!" ఆయన మొదటి మాట అదే.

ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి. నా సంచిలో ఆయింట్‌మెంటు ట్యూబు ఒకటే ఉంది, అదీ అడుగంటింది. ఉన్నదంతా పిండి ఆవిడ చేతులకే రాశాను.

"నాక్కూడా కాస్త, పిన్నిగారూ" అంటూ ఆయన మెడ వంచాడు.

"నీకేం కాదులే" అన్నాను.