మైకులో పిలిచిన అవ్వ

నా చిన్నప్పుడు మా తాతయ్య కోతలు నమ్మి చెడిపోయిన వాళ్ళలో నేనే మొదటివాణ్ణి. తిరుపతిలో ఒకసారి వానకు బదులు బూందీ కురిసిందనీ, వీధివీధంతా గొడుగులు తిరగేసి పట్టుకున్నారనీ చెప్పేవాడు. ఆ విద్య నాకూ అంటుకుంది. ఇప్పుడు మా వీధి పిల్లలకు నేను చెప్పేవి వింటే ఆయనే సిగ్గుపడతాడు. కానీ ఒక్కచోట మాత్రం నా నోరు ఆగిపోతుంది.

అప్పట్లో మా పక్కవాటాలో సిలోన్ నుంచి పడవలో పారిపోయి వచ్చిన ఒక తల్లీ, నా ఈడు కూతురూ అద్దెకుండేవాళ్ళు. వాళ్ళ ఊరు తగలబెట్టారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. ఆ పిల్ల తెలుగు తొందరగానే పట్టేసింది. సాయంత్రాలు మా అరుగు మీదే ఉండేది.

ఒకరోజు నేను బడి నుంచి బొమ్మల పుస్తకం తెస్తే తాతయ్య మా ఇద్దరికీ చదివి వినిపించాడు. ఏదో దూరదేశంలో ఒక జాతివాళ్ళను వెతికి వెతికి చంపుతుంటే, ఒక కుటుంబం మూటలతో సరిహద్దు దాటే కథ. మొదటి బొమ్మలో గడప దగ్గర ఒక ముసలమ్మ ఉంది. చివర గుడారాల బొమ్మలో లేదు. మధ్యలో మంటలున్న పేజీలను తాతయ్య చదవకుండా తిప్పేశాడు.

“అవ్వ యాడికి పోయింది తాతా?” అంది ఆ పిల్ల.

తాతయ్య పుస్తకం మూసేశాడు. “యాడికి పోతాది? కొండమీద జనంలో తప్పిపోయిండాది. మైకులో పేరు పిలిస్తే వచ్చేస్తాది పాపా.”

తిరుపతివాడికి తప్ప ఇంకెవరికీ రాని జవాబది. మాకు తప్పిపోవడమంటే కాసేపటికి దొరకడమే. “ఫలానా ఊరి ఫలానావారూ, మీవాళ్ళు ఇక్కడ కాచుకొని ఉన్నారు” అని కొండమీద మైకు మోగుతూనే ఉంటుంది. నేనూ నమ్మేశాను.

తర్వాత మా చెల్లెలి పుట్టువెంట్రుకలకు కొండకు పోతూ ఆ పిల్లనూ తీసుకుపోయాం. మావాళ్ళు గుండు హడావుడిలో ఉండగా, ఆ పిల్ల తాతయ్య చెయ్యి పట్టి మైకు గదికి లాక్కుపోయింది. నేనూ వెంటపడ్డాను. కిటికీ దగ్గర నిలబడి వాళ్ళ అవ్వ పేరూ, సముద్రం అవతలి వాళ్ళ ఊరి పేరూ చెప్పింది.

“యాడ తప్పిపోయిందమ్మా?” అన్నాడు మైకాయన.

“పడవ ఎక్కేటప్పుడు.”

మైకాయన తాతయ్య మొహం చూశాడు, ఆ పిల్ల మొహం చూశాడు, పిలిచాడు. తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి. ఆ పిల్ల మడమలెత్తి నిలబడింది. నేనైతే దారినపోయే ప్రతి ముసలమ్మనూ చూపించి “ఈమేనా? ఈమేనా?” అంటున్నాను.

ఎవరూ రాలేదు. తాతయ్య ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నేను కత చెప్పినాను పాపా. మీ అవ్వ ఈడికి రాదు. తెలిసీ అట్ల చెప్పకూడదు నేను.”

ఆ పిల్ల ఏడవలేదు. “ఇంకోతూరి పిలవమను తాతా,” అంది.

ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియలేదు. తాతయ్యకూ తెలిసినట్టు లేదు. లేచి వెళ్ళి అడిగాడు. మైకాయన మళ్ళీ పిలిచాడు.

ఇంటికొచ్చాక తాతయ్య ఆ మంటల పేజీలు తెరిచి చదివాడు. మనుషులను అట్లా ఎందుకు చంపినారని మేమడిగితే “నాకు తెలీదు” అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు అలాంటి పుస్తకాలు పిల్లలకు చదివితే నేను ఒక్క పేజీ కూడా దాటవేయను. బొమ్మలోని మనిషి ఏమైందని అడిగితే తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. అయినా, రెండోసారి ఆ పేరు కొండంతా మోగుతున్నప్పుడు ఆ పిల్ల పెదవులు కూడా దానితోపాటు కదిలాయి. తాతయ్య చేసింది కీడో మేలో, ఆ పెదవులు గుర్తొస్తే నాకు ఈనాటికీ తేలదు.