ఆలస్యంగా తగిలే గుద్దు

మా ముత్తాతగారు కొల్లేటి ఒడ్డు ఊళ్ళకు తగవులు తీర్చిన మనిషి. మా తాతగారు ఏలూరులో రైలు దిగితే జట్కావాళ్ళు బేరమాడకుండా ఎక్కించుకునేవారట. నాన్నగారి నాటికి బేరం మొదలైంది. నా నాటికి నడకే. ఆ రోజుల్లో, అంటే ఇంటికి ఇంటర్నెట్ రావడమే ఒక హోదా అయిన రెండువేల తొలినాళ్ళలో, మాకు మిగిలిన హోదా ఒక కంప్యూటరు, దానికి తగిలించిన ఫోను తీగ. వట్లూరులో ఇంజనీరింగు చదువు కోసమని కొనిపించి, దాని మీద నేను నేర్చుకున్నది పిడిగుద్దుల ఆట. తెర మీద ఇద్దరు వస్తాదులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకడిని నేను ఆడిస్తాను, రెండోవాడిని ఎక్కడో మరో ఇంట్లో కూర్చున్న మనిషి ఆడిస్తాడు. ఆటగాళ్ళంతా ముందు ఇంటర్నెట్‌లో ‘రూం’ అనే చోట చేరి, అక్కడ జత కుదుర్చుకోవాలి.

మా ఇంట ఎవరితో పడితే వారితో తలపడే అలవాటు లేదు. అందుచేత ఎవరు ఆటకు పిలిచినా, “నమస్కారమండీ. మీది ఏ ఊరు? ఎవరి తాలూకు?” అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, జవాబు వచ్చేదాకా కదిలేవాణ్ణి కాదు. (పెళ్ళిచూపులకు వచ్చినట్టు అడిగానని ఇప్పుడు తోస్తోంది.) అవతలివాళ్ళు ఇంటరు చదివే కుర్రాళ్ళు. తాత పేరు అడిగితే వెళ్ళిపోయేవారు. మొదట్లో సాయంత్రమయ్యేసరికి రూం నిండా పేర్లుండేవి. కొత్త ఆటలు వచ్చి కొందరు, లైను నత్తనడక భరించలేక కొందరు, నా ప్రశ్నకు జడిసి మరికొందరు తగ్గిపోయారు. నేను మాత్రం మా ఇంటిపేరు చూసి వెనక్కి తగ్గారనుకున్నాను.

చివరికి ఇద్దరమే మిగిలాం. రెండోవాడు తాడేపల్లిగూడెం కుర్రాడు, రూంలో పేరు కత్తెర. నా ప్రశ్నకు పూర్తిగా జవాబిచ్చినవాడు అతనొక్కడే. “మాది గూడెమండీ. మార్కెట్టు దగ్గర టైలరు గారబ్బాయినండీ. మా తాత కూడా టైలరేనండీ. ముత్తాత సంగతి మా దాదీని అడిగి రేపు చెప్తానండీ.” టైలరు గారబ్బాయితో తలపడటమా అని ఆలోచించాను. కానీ అతనూ వెళ్ళిపోతే రూంలో మా వంశం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎవరిని కొట్టాలి? తలపడ్డాను, చిత్తుగా ఓడాను. పైగా అతను మధ్యలో ఆగి, “గట్టిగా తగిలిందాండీ?” అని మర్యాదగా టైపు చేసేవాడు. దెబ్బల కన్నా అది బాధ.

తప్పు లైనుదన్నాను. నిజానికి మీట నొక్కిన అర సెకనుకు గానీ గుద్దు పడేది కాదు. “ఒకే చోట పక్కపక్కన కూర్చుని ఆడదాం. ఓడితే ఇక రూంలోకి రాను,” అని పందెం కట్టాను. జవాబు వచ్చింది. “మీరు రాకపోతే నేనెవరితో ఆడాలండీ?” నాకూ అదే భయం. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట లేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని పాసింజరు రైల్లో గూడెం వెళ్ళాను. కత్తెర నెట్ సెంటరుకు మెడలో కొలత టేపుతోనే వచ్చాడు, సన్నగా, సిగ్గుగా. ఓనరు రెండు కంప్యూటర్లను ఒకే తీగతో కలిపాడు. మీట నొక్కగానే గుద్దు పడింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నెలల తరబడి అర సెకను ముందే నొక్కడం చేతులకు అలవాటైపోయింది కదా! మా వస్తాదులు ఎదుటివాడు దగ్గరకు రాకముందే గాలిని గుద్ది, అతను వచ్చేసరికి చేతులు దించుకుని మర్యాదగా నిలబడుతున్నారు.

“ఏవండీ, కొట్టుకుంటున్నారా, ఎదుర్కోలు జరుపుకుంటున్నారా?” అన్నాడు ఓనరు. వెనక కుర్రాళ్ళు పగలబడి నవ్వారు.

“ఊరుకోండి బాబాయ్, పెద్దాయన ఏలూరు నుంచొచ్చారు,” అన్నాడు కత్తెర. (నాకప్పటికి పందొమ్మిదేళ్ళు.)

ఎన్ని ఆటలాడినా ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. గడువు అయిపోవడం, సమానమని తెర ప్రకటించడం. నేను ఓడలేదు కనుక మాట పోలేదని తేల్చి, లేచి చొక్కా సర్దుకున్నాను.

“రేపు సాయంత్రం రూంలోకి వస్తారాండీ?” అన్నాడతను భయంభయంగా.

“వస్తాను. ఎవరింటి నుంచి వాళ్ళమే.”

“అదే మంచిదండీ. ఇక్కడ దెబ్బ మరీ తొందరగా వచ్చేస్తోందండీ.”

ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు ఆడాం. అతనే గెలిచేవాడు. నేను ఎవరి తాలూకో అతను ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా కూర్చున్న ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది, కొంచెం ముచ్చట కూడా. రూంలో ఒక్క పేరే మిగిలిన రోజున దాన్ని చూడటానికి నేను లేను. ఆ వేసవిలో నాన్నగారు అమ్మగా మిగిలిన ఒక్క చేపల చెరువునూ, కంప్యూటరునూ ఒకే వారంలో అమ్మేశారు.