వానలో కిచిడి, రెండు గిన్నెల పులుసు: బాన్సువాడ కాలేజీ తిండి

మా అమ్మాయి మేఘన బాన్సువాడ దగ్గరి ఒక కాలేజీలో ఆహారశాస్త్రం చదువుతోంది. చేరిన రోజు నుంచి ఫోన్లో ఒకటే పాట: "ఇక్కడి తిండి నాతోని కాదమ్మా." హాస్టల్లో చేరిన ప్రతి పిల్లా అనే మాటే కదా అని మొదట్లో నవ్వి ఊరుకున్నాను. ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం వీడియో కాల్‌లో ఆమె బుగ్గలు లోపలికి పోయి కనిపించాయి. "వచ్చి తీసుకపో. వచ్చే ఏడు హైదరాబాద్లనే ఏదన్న కాలేజీల చేరుత" అంది. ఆ మాటలో అలక లేదు, అలసట ఉంది. మా ఆయన వెంటనే సరే అన్నాడు. నేను మాత్రం ఒకటి అనుకున్నాను: పిల్లను తెచ్చేసే ముందు, తను తినేవన్నీ ఒక రోజంతా నేనూ తిని చూడాలి. పిల్లల్ని అటువైపు పంపబోయే తల్లిదండ్రులు ముందుగా అడిగేది తిండి గురించే కాబట్టి, ఆ రోజు ఎలా గడిచిందో ఇక్కడ రాస్తున్నాను.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మెదక్, ఎల్లారెడ్డి మీదుగా బాన్సువాడ వెళ్లే ఎక్స్‌ప్రెస్ శనివారం తెల్లవారుజామున ఎక్కాను. నాలుగున్నర గంటల దారి. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్‌కు డబ్బులు లేవు. మెదక్ దాటాక సన్నటి జల్లు మొదలైంది. ఎల్లారెడ్డి తర్వాత కిటికీ బయట అంతా నీళ్లు, ఆ నీళ్లలో కొత్తగా నిలదొక్కుకున్న వరి నాట్లు. మబ్బులన్నీ మడుల్లోకి దిగి పడుకున్నట్టున్నాయి. గట్ల మీద కొంగలు కదలకుండా నిలబడ్డాయి. కదులుతున్నది బస్సో, వెనక్కి తేలిపోతున్నది ఆ పచ్చదనమో తెలియని మగతలో ఎప్పుడు బాన్సువాడ వచ్చిందో గమనించలేదు.

బస్టాండ్ బయట షేర్ ఆటోలు ఉంటాయి. కాలేజీ గేటు దాకా మనిషికి ఇరవై రూపాయలు. దారిలో డ్రైవర్ అడిగాడు. "పొల్లను జూడవోతున్నవా అక్కా?"

"అవునన్నా. హాస్టల్లో తిండి ఎట్లుంటది?"

"పోరగాండ్లు దినాం తిడ్తనే ఉంటరు. తిట్టుకుంటనే తింటరు. నువ్వేం ఫికర్ జెయ్యకు."

మెస్సులో మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకు మొదలవుతుంది. బయటివాళ్లకు యాభై రూపాయల కూపన్ ఇస్తారు. నిజం చెప్పాలంటే నేను భయపడ్డంత ఘోరంగా ఏమీ లేదు. అన్నం సన్నబియ్యం, పొడిపొడిగా ఉంది. వంకాయ కూరలో నూనె ఎక్కువే అయినా వంకాయ లేతది, కారం సరిగ్గా పట్టింది. పప్పు మాత్రం పప్పు కాదు, పసుపు నీళ్లు. మజ్జిగ పులిసింది. పదికి ఐదు మార్కులు వేయొచ్చు. అయితే నా చూపు కంచం మీద ఎక్కువసేపు నిలవలేదు. హాలంతా పిల్లలు గుంపులుగా కూర్చుని ఒకళ్ల కంచంలోంచి ఒకళ్లు లాక్కుంటూ తింటుంటే, మేఘన నన్ను చివరి బల్ల దగ్గరికి, గోడకెదురుగా ఉన్న కుర్చీల్లోకి తీసుకెళ్లింది. "ఇక్కడ గాలి బాగొస్తది" అంది. తలెత్తి చూస్తే పైన ఫ్యాన్ లేదు.

ఆమె రూమ్మేట్ హారిక మా దగ్గరికి వచ్చి "నమస్తే ఆంటీ" అని పలకరించి, పక్క బల్ల దగ్గర తన స్నేహితుల్లోకి వెళ్లిపోయింది.

"మనతో కూర్చోమని అనకపోయినవా?" అన్నాను.

"ఆమెకు ఆమె దోస్తులున్నరమ్మా." నాలుగు ముద్దలు తిని మేఘన చెయ్యి కడుక్కుంది.

మధ్యాహ్నం గేటు బయటికి నడిచాం. అక్కడ నాలుగైదు చిన్న దుకాణాలే. వాటిలో రేకుల షెడ్డు కింద ఒకావిడ నడిపే హోటల్ తప్పక చూడండి. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర వైపట, ఫోన్లో మరాఠీ, మనతో తెలుగు. ముప్ఫై రూపాయలకు రెండు వేడి జొన్నరొట్టెలు, గరిటెడు పిట్ల, అంటే వెల్లుల్లి దంచి వేసిన శనగపిండి కూర, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. పొద్దున అటుకుల పోహా కూడా చేస్తుందట. రొట్టె తుంచుతుంటే రేకుల మీద వాన చప్పుడు, పొయ్యి పొగ, ఎదురుగా పొలాల మీద కదిలే తెల్లటి తెర. అలాగే కూర్చుండిపోవాలనిపించింది.

ఆవిడ మేఘనను చూసి నవ్వింది. "నీ బిడ్డెనా అక్కా? దినాం పొద్దుగూకంగ వస్తది. బిస్కెట్ పుడ ఒకటి కొంటది, పోతది. రొట్టె తిందువు రా బిడ్డా అంటే, ఒక్కదాన్నే ఏం కూసుంట అక్కా, అంటది."

మేఘన తల వంచుకుని రొట్టె తింటోంది. రెండూ తింది.

సాయంత్రం క్యాంటీన్‌లో పది రూపాయల చాయ్ తాగాం. చాయ్ చిక్కగా, మరీ తియ్యగా ఉంది. సమోసా పొద్దుటిదిలా అనిపించి వదిలేశాను. బిర్యానీ తినాలంటే ఆదివారాలు పిల్లలు బాన్సువాడ బస్టాండ్ దాకా వెళ్తారట. ఇంతలో జల్లు కాస్తా కుంభవృష్టి అయింది. కరెంటు పోయింది. ఆరు దాటేసరికి ఆకలితో పిల్లలంతా మెస్సులోకి చేరారు. గేటు బయట దుకాణాలన్నీ మూసేశారు. వంటావిడ సావిత్రక్క కొంగు నడుముకు దోపుకుని హాల్లోకి వచ్చింది.

"ఇనుండ్రి. నలుగురం జేసే పని. ముగ్గురు నస్రుల్లాబాద్ దిక్కునుంచి రావాలె, వాగు పొంగి తొవ్వ బందయిందట. చపాతి లేదు, కూర లేదు. ఇయ్యాల కిచిడి. పచ్చిపులుసుకు ఉల్లిగడ్డలు గొయ్యనీకి చేతులు గావాలె. ఎవరొస్తరు?"

ఎవరూ కదల్లేదు. నేను లేచాను. నేను లేచినందుకు సిగ్గుపడి మేఘన లేచింది. ఆంటీ లేచింది కదా అని కాబోలు, హారిక కూడా వచ్చింది.

లోపల పెద్ద పొయ్యి మీద నీలిమంట, గోడలకు ఆనించిన ఫోన్ల వెలుతురు, కిచిడి ఉడుకుతున్న డేగిశా మీంచి లేచి మబ్బులా కమ్ముకుంటున్న ఆవిరి. మేఘన పచ్చిమిరపకాయలను మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ ముక్కల్లో ఉప్పు వేసి చేత్తో పిసుకుతోంది. చింతపండు రసం తీస్తున్న హారిక గిన్నెను పొయ్యి వైపు తీసుకెళ్లింది.

"ఎటు తీసుకపోతున్నవ్?" అంది మేఘన.

"మరగబెట్టాలి కదా."

"మరగబెడ్తె పచ్చిపులుసు ఎట్లయితది? పేర్లనే ఉంది, పచ్చి అని!"

"మా ఇంట్లో ఎప్పుడూ కాస్తారు. నాయనమ్మ బెల్లం కూడా వేస్తది." హారికది కోటగిరి దగ్గరి ఊరు. తాతల కాలంలో గుంటూరు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం.

"అది చారు! పులుసు కాదు!" మేఘన గొంతు హాల్లోకి వినిపించింది. తలుపు దగ్గర పిల్లలు మూగారు. సగంమంది మేఘన వైపు, సగంమంది హారిక వైపు. "నువ్వు చెప్పక్కా" అని ఇద్దరూ సావిత్రక్క మీద పడ్డారు.

"నా పానం దీయకుండ్రి. ఎవలది వాళ్లు జెయ్యుండ్రి, తినేటోళ్లు తింటరు."

అలా రెండు గిన్నెలు తయారయ్యాయి. ఒకటి నువ్వుల పొడి తేలుతూ చల్లగా, ఒకటి పోపు ఘుమఘుమలతో వేడిగా. వడ్డించే బల్ల మీద రెండూ పక్కపక్కనే పెట్టి, గరిటెలు పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. "మొదలు నాది తిని, తర్వాత దానిది తినుండ్రి" అని మేఘన కేకేస్తోంది. అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు పోస్తోంది. హారిక నవ్వు ఆపుకోలేక గరిటె జారవిడిచింది.

నేను వంటింటి గడప మీద కూర్చున్నాను. సావిత్రక్క నాకొక కంచం ఇచ్చి పక్కన కూర్చుంది. "నీ బిడ్డ చెయ్యి మంచిగున్నదక్కా. గిన్ని దినాలు యాడ దాగున్నదో."

మేఘన నా దగ్గరికి వస్తుందేమోనని కాసేపు తినకుండా చూశాను. రాలేదు. చీకట్లో ఆ గుంపులో ఆమె ఎక్కడ కూర్చుందో కూడా కనిపించలేదు. గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. మనసు కొంచెం చివుక్కుమంది. తర్వాత మారు వడ్డించమని అడిగాను. కరెంటు వచ్చినప్పుడు పిల్లలంతా ఒక్కసారిగా "అయ్యో" అన్నారు.

రాత్రి మేఘన గదిలోనే పడుకున్నాను. పొద్దున వాన వెలిసింది. మేఘన నా సంచి పట్టుకుని ఆటో దాకా వచ్చింది. "నీ సామాను?" అన్నాను మెల్లగా.

"సోమవారం ల్యాబ్ ఉన్నదమ్మా. గా పప్పు మాత్రం మారాలె. హారిక, నేను మెస్ కమిటీల పేర్లిచ్చినం."

ఇది జరిగి కొన్ని నెలలైంది. పప్పు ఇంకా పలుచగానే ఉందట. ఫోన్ చేసినప్పుడల్లా తిడుతుంది, కాకపోతే ఇప్పుడు "నేను" అని కాదు, "మేం" అని తిడుతుంది. దసరాకు ఇంటికొస్తే బుగ్గలు నిండాయి. కంచంలో ఏముందో చూడటానికి నేను అంత దూరం వెళ్లాను. ఆ వానలో, ఆ ఆవిరిలో నాకు అర్థమైంది వేరు: పిల్ల ఆకలి కడుపులో లేదు, పక్కనున్న ఖాళీ కుర్చీలో ఉంది. ఎవరైనా ఆ కాలేజీలో తిండి ఎలా ఉంటుందని అడిగితే ఐదు మార్కులనే చెబుతాను. వెళ్లమనీ చెబుతాను.

చివరగా ఒక సలహా. పిల్లల్ని చూడటానికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచి పచ్చడి తీసుకెళ్తారు కదా, సీసా పెద్దది తీసుకెళ్లండి. మీ పిల్లకు సరిపోయేంత కాదు, ఆ బల్ల మొత్తానికి సరిపోయేంత.