మంచికాలు కుంటిన వైనం

పాతికేళ్ళు నానక్‌రామ్‌గూడ తాటిచెట్లెక్కిన మొగిలి ఒక్కనాడూ చెట్టు మీది నుంచి పడలేదు. పడ్డది చదునైన నేల మీద. అదీ అత్తగారి ఊరు తెల్లాపూర్‌లో, మరదళ్ళు చూస్తున్నారని, నలభై దాటిన వయసులో కబడ్డీ కూతకు పోయి. అవతలివాణ్ణి తాకి గిర్రున వెనక్కి తిరిగాడు. ఒళ్ళంతా తిరిగింది, ఎడమ మోకాలొక్కటే తిరగనంది. లోపల టప్‌మన్న చప్పుడు మరదళ్ళ దాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు.

మోకాలి కీలును పట్టి ఉంచే కట్టు ఒకటి తెగిందన్నారు పట్నం దవాఖానలో. పిండికట్టు వేశారు. నెలల తర్వాత విప్పి చూస్తే ఎడమ తొడ ఎవరిదో తెచ్చి అతికించినట్టు సన్నగా ఉంది.

అది డెబ్బై నాలుగో సంవత్సరం, కల్లు పారే రోజులు దగ్గర పడుతున్నాయి. అన్నాళ్ళూ మొగిలి చెట్లు ఎక్కింది అతని బామ్మర్ది ఎల్లేశం. వాడెక్కుతుంటే మొగిలి కింద కుర్చీ వేసుకుని నవ్వేవాడు. "ఏందిరా, బల్లి లెక్క పాకుతున్నవ్? చెట్టు నిద్రపోతది!"

ఆ నవ్వు ఒకనాడు ఆగిపోయింది. కులపెద్దలు కబురు పెట్టారు: కల్లు మొదలయ్యే నాటికి మొగిలి నడుముకు మోకుతాడు కట్టి చెట్టెక్కకపోతే చెట్లు ఎల్లేశం పేర రాస్తామని.

మొగిలి లింగంపల్లిలో రైలెక్కి దవాఖానకు ఉరికినంత పని చేశాడు. అక్కడ కసరత్తు చేయించే సారు సీతారామయ్య, గోదావరి వైపు మనిషి. కూలివాడినైనా 'గారు' అనకుండా పిలవడు. పుట్టి బుద్ధెరిగాక మొగిలిని 'మొగిలి గారూ' అన్నది ఆయనొక్కడే.

మొగిలి కంటే ముందు వరసలో పోలీసు జవాను బాలనర్సయ్య ఉన్నాడు. ఆయనదీ ఇదే మోకాలి తంటా. సీతారామయ్య నేల మీద సుద్దతో గీత గీసి, ఒంటికాలి మీద దూకమన్నాడు. ముందు మంచికాలు, తర్వాత దెబ్బకాలు. దూకిన చోట తూలకుండా నిలబడాలి. బాలనర్సయ్య మంచికాలి మీద పులిలా దూకాడు. దెబ్బకాలి మీద పిల్లిలా.

"తేడా చాలా ఉందండీ. రెండూ దాదాపు సమానమయ్యే దాకా డ్యూటీ మాట ఎత్తకండి" అన్నాడు సీతారామయ్య.

బల్ల మీద కూర్చున్న మొగిలికి తత్వం బోధపడింది. ఈ జవానును ముంచింది వాని దెబ్బకాలు కాదు, మంచికాలు! దెబ్బకాలిని పెంచడం ఇప్పటికిప్పుడు తన చేతిలో లేదు. మంచికాలిని తగ్గించడమంటారా, అదెంత పని?

తన వంతు రాగానే కుడికాలి మీద ముసలమ్మ గడప దాటినట్టు దూకాడు. ఎడమకాలి మీద మాత్రం పళ్ళు బిగబట్టి, ప్రాణం పెట్టి దూకాడు. రెండు సుద్ద గుర్తులూ పక్కపక్కన పడ్డాయి.

సీతారామయ్య టేపుతో తొడలు కొలిచి ముఖం చిట్లించాడు. "ఎడమది ఇంకా సన్నంగానే ఉందే..." మళ్ళీ గుర్తులు చూసి మురిసిపోయాడు. "సరే, దూకుడు అబద్ధమాడదు కదా! బాలనర్సయ్య గారూ, చూశారా? కసరత్తంటే ఇలా చెయ్యాలి. మొగిలి గారూ, మెల్లగా చెట్టెక్కండి."

మొగిలి తల దించుకుని దండం పెట్టాడు. సారు దాన్ని వినయమనుకున్నాడు.

మూడోనాడు చెట్టు కింద కులపెద్దలూ కల్లు తాగేవాళ్ళూ అంతా చేరారు. మొగిలి నడుముకు మోకు, పాదాలకు గుజి బంధం వేసుకుని దర్జాగా ఎక్కాడు. సగం దాకా బాగానే ఉంది. అక్కడ ఎడమ మోకాలు గజగజ వణకడం మొదలుపెట్టింది. పైకి పోదు, కిందికి రాదు. చెట్టును కావలించుకుని ఉండిపోయాడు.

"ఏమైంది మొగులన్నా? కల్లు లొట్టి దొరకలేదా?" అని ఒకడు. "ఊకోరా, చెట్టు నిద్రపోయిందేమో!" అని ఇంకొకడు. అందరూ నవ్వారు, ఎల్లేశం తప్ప. వాడు మోకు బిగించి తన బల్లి నడకతోనే పైకి పోయి, బావ పాదం కింద భుజం పెట్టాడు.

"బరువంత నా మీదెయ్యి బావా. కిందికి చూడకు."

అలా బామ్మర్ది భుజం మీద, ఊరంతా చూస్తుండగా మొగిలి నేలకు దిగాడు. ఎల్లేశం భుజం చెక్కుకుపోయి ఎర్రగా కమిలింది. వాడు దాన్ని తుడుచుకుంటూ పెద్దలతో అన్నాడు, "బావ కాలు బాగయ్యేదాక నేనెక్కుత. పేరు మాత్రం మార్చకుండ్రి."

ఒక్క తిట్టు తిట్టినా మొగిలికి హాయిగా ఉండేది.

అతని భార్య చంద్రమ్మ చెట్టు దగ్గర అంతా చూసింది. ఇంటి దారిలో అడిగింది.

"పెద్ద కాల్వ ఒక్క అంగల దుంకెటోనివి. ఆ మంచికాలు దవాఖానల ఎంత దుంకింది?"

మొగిలి చెప్పుల వంక చూశాడు.

"నాకు సమజైంది. రేపు పోదాం. ఆ సారు ముంగట నిజంగ దుంకు."

మర్నాడు దవాఖానలో సీతారామయ్య ఎదురొచ్చాడు. "వేళకు వచ్చారు! బాలనర్సయ్య గారు డీలా పడిపోయారు. ఒకసారి దూకి చూపించండి, ధైర్యం వస్తుంది."

బాలనర్సయ్య ఆశగా ముందుకు వంగాడు. గుమ్మంలో చంద్రమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. మొగిలి కుడికాలి మీద దూకాడు. పోయినసారి గుర్తు ఎక్కడో వెనక ఉండిపోయింది. కుడికాలు వెళ్ళి బాలనర్సయ్య బల్ల దగ్గర వాలింది. తర్వాత ఎడమకాలు. అది పాత చోటే పడింది, ఒక తూలుతో.

సీతారామయ్య టేపు తీసి రెండు గుర్తుల మధ్య దూరం కొలిచాడు.

"చెట్టెక్కారా?"

"సగం, సారూ."

"దిగారా?"

"దింపిండ్రు."

ఆయన తిట్టలేదు. వంగి సుద్దతో కొత్త గుర్తు పెట్టి, "బాలనర్సయ్య గారి పక్కన కూర్చోండి, మొగిలి గారూ. కాలికి బరువుగా ఇసుక సంచీ కడతాను" అన్నాడు.

ఆ 'గారు' మొగిలికి చెంపదెబ్బలా తగిలింది. బాలనర్సయ్య మాత్రం మీసాల చాటున నవ్వుకుంటూ జరిగి చోటిచ్చాడు.

"నాకూ ముందే చెప్పొద్దా అన్నా," అన్నాడు చెవిలో, "నేను మంచికాలి మీద గుడ్డిగ దుంకితి!"