మార్చకూడని పేజీ

తెలుగు సారు పోయారని నాకు మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గ్రూపులోనే తెలిసింది. దండాలు పెట్టే బొమ్మలు, 'తీరని లోటు' అనే మాటలు వరసగా వచ్చిపడ్డాయి. ఆ లోటు రెండేళ్ల కిందటే మా చేతులతో మేం చేసుకున్నదని ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు.

కొడవలూరు బడిలో నాకు తెలుగు చెప్పిన సారు, రిటైరయ్యాక జువ్వలదిన్నె పడవలవాళ్ల కోసం ఒక పుస్తకం రాశారు. వల వేసిన చోటును ఫోన్లో గుర్తుపెట్టుకునే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. దాన్నెలా వాడాలో చెప్పే పుస్తకం అది. జేబులో ఎర్ర పెన్నుతో బస్సెక్కి రేవుకు పోయి, వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన కూర్చుని మాటలు అడిగేవారు. ఒకరోజు, తప్పుగా పెట్టిన గుర్తును తీసేసే మీట పేరు 'ఉపసంహరించు' అని చదివి వినిపిస్తే, ఒకాయన నవ్వి "వెనక్కి లాగు అంటే పోలా సారూ?" అన్నాడట.

"ఇన్నేళ్లు తెలుగు చెప్పినా, ఈ ముక్క నాకు తట్టలేదు అబ్బయ్యా" అని మురిసిపోయారు సారు.

టైపు చేసింది నేను. పుస్తకాన్ని ఎవరైనా పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లైసెన్సు పెట్టాం. మొదటి పేజీ ఒక్కటి మాత్రం మార్చకూడదన్నది సారు షరతు. అందులో ఉన్నది ఒకే వాక్యం: 'ఈ మాటలన్నీ జువ్వలదిన్నె పడవలవాళ్లు నేర్పినవి.'

దాని మీదే గొడవ. మార్చడానికి వీల్లేని పేజీ ఒక్కటున్నా అది స్వేచ్ఛా పుస్తకం కాదని గ్రూపు పట్టుబట్టింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"పుస్తకమంతా మార్చుకోండబ్బయ్యా. ఈ మాటలు ఇచ్చినోళ్ల పేరు మాత్రం తీయొద్దు" అన్నారు సారు. అంతకుమించి ఏమీ అడగలేదు. మేం ఓట్లు పెట్టి మరీ, ప్రోగ్రాంతో పాటు ఇచ్చే ఆ పుస్తకం తీసేశాం. దాని బదులు పెట్టినదాంట్లో మళ్లీ 'ఉపసంహరించు' వచ్చి కూర్చుంది. దాన్ని రేవులో ఎవరూ తెరిచిన పాపాన పోలేదు.

తర్వాత ఒకసారి సారు ఫోన్ చేశారు. ముందే ప్రింటు తీసి పడవలకు పంచిన కాపీల్లో నా తప్పొకటి బయటపడింది. 'నేర్పినవి' అని ఉండాల్సింది 'నేర్చినవి' అని పడింది. ఒక్క ఒత్తు తేడాతో గురువులు కాస్తా శిష్యులైపోయారు.

"సరిచేసి ఇంకోసారి ప్రింటు తీయబ్బయ్యా. వాళ్లకు మొహం చూపించలేకుండా ఉండా."

"ఆ పేజీ మార్చకూడదన్నారుగా సార్" అన్నాను.

"సరే అబ్బయ్యా" అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు. నాకు అక్షరాలు నేర్పిన మనిషి మీదే ఆ వెటకారం వాడాను. సిగ్గుగా ఉంది.

కర్మకాండ అయ్యాక జువ్వలదిన్నె వెళ్లాను. మొదట కనబడిన పడవలోనే ఆ పేజీ ఉంది, ప్లాస్టిక్ కవరులో. 'చ' ఒత్తు కొట్టేసి, పక్కనే ఎర్ర సిరాతో 'ప' ఒత్తు.

"సారే వచ్చి దిద్దినాడన్నా" అన్నాడు పడవాయన. "పడవెక్కితే కడుపులో తిప్పుతుందాయనకి. అయినా ఒక్క పడవ వదల్లేదు. తప్పెవరిది సారూ అంటే, నాదేలే అన్నాడు."

నా కాపీలో ఆ ఒత్తు ఇంకా తప్పుగానే ఉంది. ఎర్ర పెన్ను కొని తెచ్చుకున్నాను, మూత కూడా తీశాను. కానీ ఆ పేజీ దిద్దే హక్కు ఆయనొక్కరిదే.