గడప దగ్గరి చుక్క

డ్యామ్ నీళ్లలో మునిగిపోయిన ఊరి పాత విమాన ఫొటోలు రెండు ఒళ్లో పెట్టుకుని, మంథని బస్సులో, రెంటినీ కలిపి ఎత్తుపల్లాలతో చూపించే జంట అద్దాలతో చూస్తున్నాను. వాటితో నేను గీసిన పటం ఎంతకీ నేల మీది పాత కొలతలతో కలవడం లేదు.

పక్క సీటులోని ముసలామె "జర నన్ను సూడనీ బిడ్డా" అని అడిగింది. ఫొటోలు, అద్దాలు ఆమె ఒళ్లోకి జరిపాను. అద్దాల్లో ఆమెకు ఇళ్లు లేచి నిలబడ్డాయి.

"గిది మా ఇల్లే! గీ సుక్క ఏంది?"

"మూల గుర్తు అవ్వా. నీళ్లు రాకముందు నేల మీద కొలిచిన చోటు."

"నేల మీద కొలిస్తే కప్పు మీద పెట్టినవేంది? కింద, గడప కాడ పెట్టు."

నిజమే. ఎత్తు మీదిది ఫొటోలో పక్కకు జరిగి కనిపిస్తుంది. పటం కలవనిది అందుకే. చుక్కను గడప దగ్గరికి దించాను.

"ఇంకొక్కపారి సూస్త" అంది. అద్దాల మీదికి వంగే ముందు కాళ్లకున్న చెప్పులు విడిచింది.