దుంపలు ఉడికిన నీళ్ళు

"అదే నేనూ అంటున్నా తల్లీ. నువ్వు చెప్పే ఉంటావు. నేనే మర్చిపోయి ఉంటాను," అంది ఖైరా, మాట ఎక్కడ ఆగిందో అక్కడే మళ్ళీ అందుకుంటూ.

వసీలా బల్ల మీది కాగితాలు సర్దుతున్నట్టు నటించింది. మొస్తగానెం అనే సముద్రపొడ్డు ఊళ్ళో ఓ పెద్దాసుపత్రి. రోగుల తిండి సంగతి చూడడం ఆమె ఉద్యోగం, పదకొండేళ్ళ నుంచీ. ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి ఏ కూర మాన్పించాలో ఆమె రాసి సంతకం పెడితే గానీ అక్కడి వంటింట్లో గరిటె కదలదు. అంతటి మనిషి డెబ్బై దాటిన ముసలావిడ మొహంలోకి చూడలేక కాగితాల అంచులు కలుపుతూ కూర్చుంది.

ఖైరా భర్త బెనౌదాకి కిడ్నీలు సగానికి పైగా చెడిపోయాయి. అలాంటివాళ్ళకి బంగాళదుంప పడదు. అందులో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. ఆ ఊళ్ళో దుంప లేకుండా ముద్ద దిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఓ ఉపాయం చెబుతారు: చెక్కు తీసి, ముక్కలు కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళన్నీ పారబొయ్యాలి. ఖైరా నానబెట్టింది, ఉడికించింది. పారబొయ్యడం మాత్రం చెయ్యలేదు. రొట్టె ముక్క కింద పడితే కళ్ళకద్దుకుని కిటికీ గట్టు మీద పిట్టలకి పెట్టే ఇల్లాలు, దుంపలు ఉడికిన చిక్కటి నీళ్ళు పారబోస్తుందా? వాటితోనే చోర్బా అనే చిక్కటి చారు కాచి, మొగుడు నీరసంగా ఉన్నాడని మరో గిన్నె ఎక్కువే పోసింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన ఐదో రోజుకి ఆయన కాళ్ళు మెత్తబడి కుప్పకూలాడు.

బతికాడు లెండి. మళ్ళీ ఇదే ఆసుపత్రి పై అంతస్తులో పడుకుని, నలభై ఏడేళ్ళ కాపురం చేశాక నన్ను చంపాలని నీకిప్పుడు బుద్ధి పుట్టిందా అని పెళ్ళాన్ని ఏడిపిస్తున్నాడు కూడా. ఆవిడకే నవ్వు రావడం లేదు.

"ఇక్కడి ఆఫీసాయన, మమ్మల్ని ఇంటికి పంపిన రోజు కాగితం చూపించాడు," అంది ఖైరా. "నీళ్ళు పారబొయ్యాలని నాకు వివరంగా చెప్పినట్టూ, నాకు అర్థమైనట్టూ నువ్వు టిక్కు పెట్టావట. నాకేమో నీ మొహం చూసినట్టే గుర్తు లేదు. సాదియా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు తల్లీ. పిండి కూడా తనే కలుపుతోంది. వచ్చే వారం మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారట."

సాదియా ఆవిడ కోడలు.

ఈ వయసులో ఇవన్నీ మామూలే ఖాల్తీ అంది వసీలా, పిన్నిని పిలిచినట్టే పిలుస్తూ. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ఖైరా ఆమె చెయ్యి తట్టి, నీకూ నా వల్ల చెడ్డపేరు వచ్చిపడిందని బాధపడి, బస్సుకి వేళైందని లేచి వెళ్ళింది.

అసలు జరిగింది ఇదీ. ఆ గురువారం బెనౌదాతో కలిపి తొమ్మిదిమందిని ఇంటికి పంపుతున్నారు. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. దగ్గరి ఊరు రెలిజాన్‌లో వసీలా పినతల్లి కూతురి పెళ్ళి గోరింటాకు వేడుక. టాక్సీ నాలుగింటికి. పైకెళ్ళి ఒక్కొక్కరితో మాట్లాడాలంటే రెండు గంటలు పడుతుంది. వసీలా కిందే కూర్చుని తొమ్మిది కాగితాల మీదా 'ఇంటివాళ్ళకి వివరించాను, అర్థమైంది' అన్నచోట వరసగా టిక్కులు పెట్టి, సంతకాలు గిలికి, నర్సు చేతికిచ్చేసింది. అచ్చు కాగితం వాళ్ళకి అందుతుందిలే అనుకుంది. అందింది. అది ఫ్రెంచిలో ఉంది. పారబొయ్యమన్న మాట వెనక పేజీలో ఉంది. సాదియా ముందు పేజీ చదివి అత్తగారికి వినిపించింది.

ఇవాళ పొద్దున ఆసుపత్రి వ్యాజ్యాలు చూసే మొఖ్తార్ వచ్చి ఆమెని మెచ్చుకున్నాడు. అది ఇంకా ఘోరం. అందరూ నీలా రాస్తే నాకు కోర్టు మెట్లెక్కే పనే ఉండదమ్మా అన్నాడు. ఆదివారం విచారణ ఉందట. కాగితం ఇంత శుభ్రంగా ఉంది కాబట్టి తప్పు ఇంటివాళ్ళదేనని రాసి మూసేస్తారట. వసీలా తల వంచుకుని కాఫీ తాగింది.

ఇప్పుడా కాగితం ముందేసుకుని చూసింది. ఎంత ముచ్చటైన టిక్కు! ఎక్కడా వణుకు లేదు. ఆ చిన్న గీత తన ఉద్యోగాన్ని కాపాడుతూ, ఒక ఆడమనిషి చేతిలోంచి గరిటె లాక్కుని, ఆవిడ బుర్ర మీద ఆవిడకే అనుమానం పెట్టింది.

పాత రాతని కొట్టెయ్యకుండా, దాని కింద ఇవాళ్టి తేదీ వేసి రాసింది: 'ఆ రోజు నేను రోగినీ, భార్యనీ కలవలేదు. మాట్లాడకుండానే టిక్కు పెట్టాను.' తీసుకెళ్ళి మొఖ్తార్ బల్ల మీద పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. "చెప్పకపోవడం నిర్లక్ష్యం అంటారు. చెప్పానని రాయడం దొంగ రాత అంటారు. రెండిటికీ విడివిడిగా పట్టుకుంటారమ్మా. లైసెన్సు పోవచ్చు. నేను చూడలేదనుకో, తీసుకుపో."

"మిగతా ఎనిమిదిమందితోనూ మాట్లాడలేదు," అంది వసీలా. "అందినట్టు ముద్ర వెయ్యండి."

ముద్ర వేసేటప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. చూడకపోవడమే నయమనిపించింది ఆమెకి.

గదికొచ్చి ఆ ఎనిమిది ఫైళ్ళూ బయటికి తీసింది. వాటికన్నా ముందు, బెనౌదా ఫైలు మొదటి పేజీలోని ఇంటి నంబరు చీటీ మీద ఎక్కించుకుంది. ఖైరా బస్సు దిగి ఇల్లు చేరేసరికి మూడున్నర అవుతుంది. అప్పుడు చెయ్యాలి. ఫోను సాదియాయే ఎత్తుతుంది. వంటింట్లోకి వెళ్ళి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ వినబడేలా పెట్టమని ముందుగా అడగాలి.